ఎన్నాళ్ల నడక?

ప్రతి సంవత్సరం జనవరి మాసం ప్రవేశించేసరికి మన కళాశాలలో విహారయాత్ర ప్రసక్తి మొదలవుతుంది. ఎక్కడికి పోవాలి, బస్సు కిరాయి ఎంత, తలకు ఎంత వసూలు చేయాలి, బాలికలను ఎవరి సంరక్షణలో పంపాలి అనే చర్చ రెండు వారాలు సాగుతుంది. చివరకు ఏదో ఒక పేరు మిగులుతుంది, బస్సు బయలుదేరుతుంది. గత యాత్రకు బాధ్యుణ్ణి నేనే కనుక ఇక్కడ చెప్పబోయేది ఇతరులపై నింద అని ఎవరూ భావించరాదు. రెండు రోజులలో ఏడు స్థలాలు చూపించి, అదొక ఘనకార్యమనుకున్నాను. తిరిగి వచ్చిన తరువాత తరగతిలో, ‘మనం దాటిన నది పేరేమి?’ అని అడిగితే నలభైమందిలో ఒక్కరూ చెప్పలేకపోయారు. తప్పు వారిది కాదు. బస్సు వంతెన దాటుతున్నప్పుడు సగంమంది నిద్రలో ఉన్నారు, మిగిలినవారు అంత్యాక్షరి పాడుతున్నారు. నేను వెనుక సీటులో కూర్చొని భోజనాల లెక్క చూసుకుంటున్నాను.

కళాశాల యాత్రలలో ఒకటైనా, సంవత్సరానికి ఒక్కసారైనా, కాలినడకన జరగాలని నా అభిప్రాయం. పాదయాత్ర అనే మాటను రాజకీయ నాయకులు తమ సొంతం చేసుకున్నారు గనుక ఆ మాట వాడడానికి సంకోచిస్తున్నాను. నేననేది వట్టి నడక. ఒక ఊరినుండి మరొక ఊరికి, ఆ ఊరినుండి ఇంకొక ఊరికి, మూడు రోజులు.

ఈ అభిప్రాయం నాకు గ్రంథ పఠనం వలన కలిగినది కాదు. 2022 సెప్టెంబరు చివరి వారంలో ముగ్గురు మిత్రులతో కలిసి ఉత్తరాఖండ్ రాష్ట్రంలోని జోహార్ లోయలో నడిచాను. మా నలుగురిలో ఇద్దరం ఉపన్యాసకులం. ఒకరు విశ్వవిద్యాలయంలో నా సహాధ్యాయి, ఇప్పుడు డెహ్రాడూన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నాలుగవ మిత్రుడు చరిత్ర చదివినవాడు, అందరికంటె ఎక్కువగా మాట్లాడేవాడు. పిథౌరాగఢ్ జిల్లాలో మున్‌స్యారీ అనే కొండ పట్టణం నుండి ఉత్తరంగా, గోరీగంగ ఒడ్డు పట్టుకొని, మిలమ్ అనే చివరి గ్రామం దాకా పోయే దారి అది. ఆ దారిలో మేము గడిపిన దినాలన్నిటినీ ఇక్కడ వర్ణించబోను. ఒక్క దినం చాలు. మార్తోలి నుండి బుర్ఫు, బిల్జు గ్రామాల మీదుగా మిలమ్ చేరిన దినం.

బయలుదేరకముందు అమ్మీజాన్ అభ్యంతరం చెప్పింది. ‘అది సరిహద్దు ప్రాంతం. నీ పేరు చూసి ఏమంటారో ఏమో’ అన్నది. ఆ లోయలోకి పోవడానికి మున్‌స్యారీలో అనుమతి పత్రం తీసుకోవాలి, దారిలో కాపలా స్థావరాల వద్ద పేరు, ఊరు వ్రాయించాలి. నిజం చెప్పాలంటే మొదటిసారి పేరు వ్రాయించేటప్పుడు నా చేయి కొంచెం తడబడింది. నలుగురినీ అడిగిన ప్రశ్నలే నన్నూ అడిగారు, పత్రం తిరిగి ఇచ్చారు, ‘సాయంత్రం గాలి ఎక్కువగా ఉంటుంది, త్వరగా నడవండి’ అన్నారు. అంతే. ఈ సంగతి ఇక్కడ వ్రాయడానికి కారణం ఉన్నది. మన విద్యార్థుల తల్లిదండ్రులలో చాలామందికి ఈ భయం ఉన్నది. అది అకారణమని నేను అనను. అయితే, పోకుండా ఇంట్లో కూర్చున్నందువలన ఆ భయం తగ్గిపోవడం నేను ఎన్నడూ చూడలేదు.

మార్తోలి గోరీగంగకు ఎగువన, కొండ భుజంమీద ఉన్న ఊరు. ఊరికి పైన భూర్జ వృక్షాల తోపు, ఆ తోపు దగ్గర నందాదేవి ఆలయం ఉన్నవి. భూర్జపత్రం అన్న మాటను ప్రబంధాల వ్యాఖ్యానాలలో చదివి, తరగతిలో ఎన్నోసార్లు అర్థం చెప్పినవాణ్ణి. ఆ చెట్టు బెరడును పొరలు పొరలుగా చేత్తో తాకినది ఆ ఉదయమే. దూరం నుండి చూస్తే మార్తోలి పెద్ద గ్రామమే. ఇళ్లు వరుసలుగా ఉన్నవి, రాతి గోడలు చక్కగా ఉన్నవి. దగ్గరకు పోతే చాలా ఇళ్లకు కప్పులు లేవు. దేవదారు చెక్కమీద లతలు, పువ్వులు చెక్కిన ద్వారబంధాలు నిలబడి ఉన్నవి, ద్వారం లోపల గడ్డి, దురదగొండి పెరిగి ఉన్నది. కొన్ని తలుపులకు మాత్రం తాళాలు ఉన్నవి.

తాళం వేసిన తలుపులు నాకు కొత్త కాదు. మా తాతగారి ఊరు పాలమూరు జిల్లాలో. దసరా దాటితే చాలు, సగం ఇళ్లకు తాళాలు పడేవి. పనికోసం పోయినవారు ఆనకట్టల దగ్గర, రోడ్ల దగ్గర దేశమంతా చెదిరి ఉండేవారు, ఊరిలో ముసలివారు మిగిలేవారు. అందుచేత మార్తోలిలో నాకు మొదట కలిగినది సౌందర్యానుభూతి కాదు. వీరంతా ఎక్కడికి పోయారు అనే ప్రశ్న.

సమాధానం మా చరిత్ర మిత్రుడు చెప్పాడు. జోహార్ లోయవారిని శౌకాలంటారు. వీరికి వ్యవసాయం కంటె వాణిజ్యం ముఖ్యం. వేసవిలో ధాన్యం, బెల్లం, బట్ట తీసుకొని టిబెట్ పోయేవారు. ఉప్పు, ఉన్ని, టంకణం తెచ్చేవారు. సరకంతా గొర్రెలమీద, మేకలమీద పోయేది. ఒక్కొక్క జీవం వీపున ఇరువైపులా చిన్న సంచులు వ్రేలాడదీసి, వందలకొద్దీ మందలను తోలుకుపోయేవారు. మిలమ్ దాటిన తరువాత ఊంటాధురా, జయంతీధురా, కుంగ్రీబింగ్రీ అనే మూడు కనుమలు ఒకదాని వెనుక ఒకటి అడ్డం వస్తాయి. ఒక్కొక్కటీ 5,000 మీటర్లకు మించిన ఎత్తు. మధ్యలో ఆగడానికి తగిన చోటు లేదు గనుక మూడింటినీ ఒకే దినంలో దాటేవారట. అవతల గ్యానిమా సంతలో ఒక్కొక్క శౌకా కుటుంబానికి ఒక్కొక్క టిబెటన్ కుటుంబంతో తరతరాల మైత్రి. ఒక రాతిని రెండుగా పగులగొట్టి చెరొక ముక్క దాచుకునేవారనీ, ఎవరిని పంపినా ఆ ముక్క చూపితే చాలు, సరకు ఇచ్చేవారనీ చెబుతారు. దస్తావేజుల మీద సంతకాలు చేసి మోసం చేసుకునే మనకు ఇది వింతగా తోస్తుంది.

1962లో చైనాతో యుద్ధం వచ్చింది. సరిహద్దు మూతపడింది. ఒక వేసవి ముందు దాకా వందలమంది నడిచిన దారి తరువాతి వేసవికి నిషిద్ధమయింది. తూర్పున లిపులేఖ్ మార్గంలో 1992లో వాణిజ్యం తిరిగి మొదలయింది గాని జోహార్ దారి తెరుచుకోలేదు. 1967లో ప్రభుత్వం వీరిని షెడ్యూల్డు తెగలలో చేర్చింది. పిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాలలో చేరారు, కొందరు పెద్ద పదవులకు వచ్చారు. దిగువన పట్టణాలలో ఇళ్లు కట్టుకున్నారు. కాబట్టి ఆ కప్పులేని ఇళ్లను చూసి ‘అయ్యో’ అనడం కూడా పూర్తి న్యాయం కాదు. మా పాలమూరువారు పోయి అప్పులతో తిరిగి వచ్చారు. వీరు పోయి బాగుపడ్డారు. కాని పోవడం మాత్రం వారి ఇష్టంతో మొదలు కాలేదు.

మార్తోలి నుండి గోరీగంగ వంతెన దాకా దిగుడు. ఆ దిగుడులో నేనొక ప్రయోగం చేశాను. దానికి ముందు ఒక బడిపంతులు కథ చెప్పవలసి ఉన్నది.

నైన్ సింగ్ రావత్ 1830లో ఈ జోహార్ లోయలో జన్మించాడు, మిలమ్ బడిలో ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. ఆ కాలంలో టిబెట్‌లో విదేశీయులకు ప్రవేశం లేదు. ఇంగ్లీషువారి సర్వే శాఖ భారతదేశమంతా త్రికోణాలుగా కొలిచి హిమాలయాల దగ్గర ఆగిపోయింది. ఆ కొలత 1802లో మద్రాసులో మొదలయి, మన తెలుగు నేల మీదుగా, నిజాం రాజ్యం మీదుగానే ఉత్తరానికి పోయినది. 1815లో బీదర్ సమీపాన దామరగిద్ద వద్ద ఒక ఆధార రేఖను కొలిచారు. 1818లో జార్జ్ ఎవరెస్టు ఆ పనిలో చేరినది హైదరాబాదులోనే. అంతటి యంత్ర సామగ్రి కలవారికి కూడా పర్వతాల అవతల కొలవడానికి చివరకు కావలసి వచ్చినవి ఒక బడిపంతులు కాళ్లు. నైన్ సింగ్‌కు డెహ్రాడూన్‌లో శిక్షణ ఇచ్చారు. ఎగుడయినా దిగుడయినా అడుగు ఒకే నిడివిలో పడేటట్లు, మైలుకు సుమారు 2,000 అడుగులు వచ్చేటట్లు నేర్పారు. చేతిలో జపమాల. మామూలుగా 108 పూసలు ఉండవలసినదానిలో 100 మాత్రమే ఉంచారు. నూరు అడుగులకు ఒక పూస జరపాలి. ప్రార్థన చక్రం లోపల మంత్రాలకు బదులు లెక్కలు వ్రాసిన చీటీలు. నీరు మరిగే ఉష్ణోగ్రతను బట్టి ఎత్తు తెలుసుకోవడానికి ఒక ఉష్ణమాపకం. ఈ సాధనాలతో నేపాల్ మీదుగా పోయి 1866 జనవరిలో ల్హాసా చేరి, ఆ నగరం భూగోళంమీద ఎక్కడ ఉన్నదో మొదటిసారి సరిగా నిర్ణయించాడు. 1874, 75 సంవత్సరాలలో లదాఖ్ నుండి ల్హాసా మీదుగా అస్సాం దాకా నడిచాడు. 1877లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు స్వర్ణ పతకం ఇచ్చింది. మన తపాలా శాఖ 2004లో ఆయన పేర ఒక బిళ్ల విడుదల చేసింది.

ఇక్కడ మరొక పేరు స్మరించకుండా ముందుకు పోలేను. నైన్ సింగ్ కంటె ముందే, 1863లో, ముహమ్మదె హమీద్ అనే ఒక మున్షీ ఇదే సర్వే శాఖ పక్షాన లదాఖ్ నుండి యార్కండ్‌కు నడిచాడు. అక్కడ శీతకాలమంతా ఉండి పరిశీలనలు చేశాడు. తిరుగు ప్రయాణంలో కన్నుమూశాడు. ఆయన కాగితాలు మాత్రం దేశం చేరాయి, వాటినుండి యార్కండ్ స్థానం పటంలోకి వచ్చింది. మన విద్యార్థులు ఈ పేరు విన్నారా? నేను మాత్రం ముప్పై ఏళ్లు దాటిన తరువాత, ఆ కొండదారిలో, ఒక మిత్రుడి నోట విన్నాను.

ఇక నా ప్రయోగం. నా జేబులో అబ్బాజాన్ వాడిన తస్‌బీహ్ ఉన్నది. దానిలో పూసలు 99, చివరి పెద్ద పూసతో కలిపితే 100. నూరు అడుగులకు ఒక పూస చొప్పున వంతెన దాకా లెక్కపెట్టాలని సంకల్పించాను. మూడు పూసల దాకా బాగానే జరిగింది. నాలుగవ పూసలో రాయి జారింది. అడుగు నిడివి మారింది. ఆరవ పూసలో మిత్రుడు ఏదో అడిగాడు, సమాధానం చెప్పాను, లెక్క పోయింది. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఎదురుగా గొర్రెల మంద వచ్చింది. వంతెన చేరేసరికి నాకు తెలిసినదేమంటే, ఒక్క మైలు కూడా నేను శ్రద్ధగా నడవలేనని. ఆ మనిషి ఏళ్ల తరబడి, మారువేషంలో, ప్రాణభయంతో, మంచులో లెక్క తప్పకుండా నడిచాడు. ఈ సంగతిని పుస్తకంలో చదివి ‘ఆశ్చర్యం’ అని పేజీ తిప్పడం సులభం. ఆరు వందల అడుగులు వేసి లెక్క పోగొట్టుకున్నవానికి అది ఎంత కష్టమో కాళ్లకే తెలుస్తుంది.

బుర్ఫు నదికి అవతలి గట్టున ఉన్నది. అక్కడ కొన్ని ఇళ్లలో పొగ కనిపించింది. వేసవిలో పైకి వచ్చి, అక్టోబరులో మంచు పడకముందే మున్‌స్యారీ వైపు దిగిపోయే కుటుంబాలు అవి. ఒక ఇంటి ముందు ఒక వృద్ధురాలు ఆలుగడ్డలు తవ్వుతున్నది. మమ్మల్ని చూసి, అడగకుండానే టీ పెట్టింది. ఆమె హిందీ కుమావూనీ యాసలో ఉన్నది, నాది దక్కనీ. అయినా మాకు భేదం రాలేదు. గోడ ప్రక్క నేలమీద సన్నని ఎండు ఆకులు పరచి ఉన్నవి. జంబూ అంటారట, పప్పులో పోపు పెట్టుకునే ఉల్లిజాతి ఆకు.

‘ఎక్కడనుండి, బేటా?’ అన్నది.

హైదరాబాదు వైపు అన్నాను.

‘ఎన్ని రోజుల దారి?’

‘రైలులో ఢిల్లీ దాకా ఒక రోజు, అక్కడనుండి...’

‘రైలు సంగతి కాదు. నడిస్తే?’

నేను సమాధానం చెప్పలేకపోయాను. చిన్నప్పటినుండి నా ఊరు ఏ రైలుకు ఎన్ని గంటలో చెప్పగలను, టికెట్టు ఎంతో చెప్పగలను. నడిస్తే ఎన్ని రోజులో ఎన్నడూ ఆలోచించలేదు. ఆమెకు మాత్రం దూరం అంటే అదే. ఆమె మామగారు గ్యానిమాకు పోయి వచ్చేవారట. మిలమ్ ఒక పూట, మున్‌స్యారీ మూడు రోజులు, గ్యానిమా ఇన్ని రోజులు అని ఆమె వ్రేళ్లమీద చెప్పింది.

అప్పుడే నా సహాధ్యాయి, లోయ అందానికి పరవశించి, ‘అమ్మాజీ, మీ దగ్గరకు రోడ్డు వేస్తున్నారు గదా, అది వస్తే ఇదంతా పాడయిపోతుంది’ అన్నాడు. మేము వచ్చేటప్పుడు రోడ్డు పని సాగుతున్నది, కొండను పేల్చే వేళల్లో మమ్మల్ని ఆపి కూర్చోబెట్టారు కూడా. ఆమె గిన్నె కడుగుతూ, ‘నా కోడలికి నొప్పులు వస్తే నలుగురు మోసుకొని దిగారు. దారిలోనే ప్రసవించింది. రోడ్డు రానీ’ అన్నది. కోపంగా కూడా అనలేదు. మా మిత్రుడు తరువాత బిల్జు దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఈ సంఘటన నా వాదానికి విరుద్ధంగా ఉన్నదని కొందరికి తోచవచ్చు. నేను నడకను పొగడుతున్నాను, నడిచి నడిచి అలసినవారు రోడ్డు కావాలంటున్నారు. నిజమే. రోడ్డు అక్కరలేదని చెప్పే హక్కు సెలవులకు నడిచేవానికి లేదు. కాని ఆ మాట నాకు ఎట్లా తెలిసింది? బస్సులో పోయి ఉంటే ఆ ఇల్లు ఒక కిటికీలో కనిపించి వెనక్కి పోయేది. నేను ‘ఎంత ప్రశాంతమయిన పల్లె’ అనుకొని ఒక ఫోటో తీసుకునేవాణ్ణి. నడిచాను కాబట్టి దాహం వేసింది, దాహం వేసింది కాబట్టి ఆ ఇంటి ముందు కూర్చున్నాను. నడిచేవాడు ఊరికి యాచకుడుగా పోతాడు, నీరు అడగాలి, దారి అడగాలి. బస్సులో పోయేవాడు ఊరిని చూసి పోతాడు గాని ఊరివారిని ఏమీ అడగనక్కరలేదు.

బిల్జు దగ్గర మధ్యాహ్నమయింది. అక్కడ పడమటి దిక్కున మబ్బు తొలగి నందాదేవి శిఖరాలు కొంతసేపు కనిపించాయి. 7,816 మీటర్ల ఎత్తు. దానిని వర్ణించడానికి నాకు శక్తి చాలదు, మనవి చేసుకుంటున్నాను. మంచునీటితో వజూ చేసుకుంటే వ్రేళ్లు కొంకర్లు పోయాయి. మిత్రులు రాతిమీద కూర్చొని రొట్టెలు విప్పుతుండగా జుహర్ నమాజు చదివాను. ప్రయాణికుడు గనుక నాలుగు రకాతులకు రెండు. చదువుతుండగా కాదు గాని, ముగించిన తరువాత ఒక సంగతి స్ఫురించింది. మన హనఫీ ఫిఖ్‌హ్‌లో ప్రయాణికుడు ఎవరు అనే ప్రశ్నకు మొదటి సమాధానం మైళ్లలో లేదు. మామూలు నడకన మూడు దినాల దారికి బయలుదేరినవాడు ప్రయాణికుడు. మైళ్లు, కిలోమీటర్లు తరువాతివారు వేసిన లెక్క. బుర్ఫు వృద్ధురాలి ప్రశ్నే అది. ఎన్నాళ్ల నడక?

తెలుగువారికి కూడా ఇది తెలియనిది కాదు. ఒక దినం నడిచి ఆగే చోటును మనం మజిలీ అంటాము. అరబ్బీ ‘మంజిల్’ ఉర్దూలోనూ ఉన్నది, తెలుగులోకి వచ్చి మజిలీ అయింది. కాశీ మజిలీ కథల పేరులోనే ఆ మాట ఉన్నది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నుండి 1831 సెప్టెంబరు దాకా చెన్నపట్టణం నుండి కాశీకి పోయి వచ్చి, హైదరాబాదుతో సహా దారిలోని ఊళ్లను మజిలీ మజిలీకి వ్రాసిపెట్టారు. ఎక్కడ నీరు మంచిది, ఎక్కడ బియ్యం దొరుకుతుంది, ఏ దారిలో రాళ్లు ఎక్కువ అన్నీ అందులో ఉన్నవి. (ఆయన పల్లకీలో పోయారు. నడిచినవారు బోయీలు. వారిలో ఎవరైనా వ్రాసి ఉంటే ఆ పుస్తకం మరొక విధంగా ఉండేది.) ఉర్దూ విద్యార్థులూ, తెలుగు విద్యార్థులూ ఒకే కప్పు క్రింద చదివే మన కళాశాలలో, ఇద్దరి నోటా ఉన్న ఈ మాటకు అర్థం తెలిసినవారు ఎందరున్నారు? మంజిల్ అంటే మా ఉర్దూ విద్యార్థులకు గజల్‌లోని గమ్యం, లేదా మేడ అంతస్తు. మజిలీ అంటే తెలుగు విద్యార్థులకు ఒక సినిమా.

సాయంత్రానికి ఒక ఉపనది వంతెన దాటి మిలమ్ చేరాము. 3,400 మీటర్ల ఎత్తు. ఒకప్పుడు 500 ఇళ్ల ఊరని చెబుతారు. సందులు ఇప్పటికీ సందులుగానే ఉన్నవి, రెండువైపులా గోడలు, మధ్య రాళ్లు పరచిన దారి. ఆ సందుల్లో మా అడుగుల చప్పుడు మాకే తిరిగి వినిపించింది. నైన్ సింగ్ చదువు చెప్పిన బడి ఎక్కడ ఉండి ఉంటుందో పోల్చుకోవాలని ప్రయత్నించాము. ఆ రాళ్ల గుట్టలలో ఏది బడి, ఏది ఇల్లు తెలుసుకోవడం మాకు చేతకాలేదు. ఇతరుల దేశాన్ని అడుగు అడుగునా కొలిచి పటంలో ఎక్కించిన మనిషి ఊరు అది.

ఆ రాత్రి కంబళ్లు కప్పుకొని నలుగురం లెక్క వేశాము. మున్‌స్యారీ నుండి హైదరాబాదు సుమారు 2,200 కిలోమీటర్లు. రోజుకు 20 చొప్పున 110 రోజులు. మరునాడు దిగేటప్పుడు బుర్ఫులో ఆ వృద్ధురాలికి ఈ సంగతి చెప్పాను. ‘నాలుగు నెలలు’ అని ఆమె తల ఊపింది, అది పెద్ద దూరమని గాని, తక్కువని గాని అనలేదు. ఒక గుడ్డపీలికలో జంబూ కట్టి ఇచ్చి, ‘నాలుగు నెలలైనా వాసన పోదు’ అన్నది.

ఇక కమిటీ పెద్దలకు నా మనవి. నేను హిమాలయాలకు తీసుకుపోతాననడం లేదు. అంత ద్రవ్యం మనకు లేదు, అవసరమూ లేదు. మన జిల్లాలోనే, మన విద్యార్థులు ప్రతిదినం బస్సులో దాటి వచ్చే పల్లెలు ఉన్నవి. మూడు మజిలీలు, దినానికి 10 లేక 12 కిలోమీటర్లు, రాత్రులు పాఠశాల భవనాలలో బస. గత యాత్రకు బస్సు కిరాయి ఒక్కటే మొత్తం ఖర్చులో సగానికి మించింది. ఆ సగం మిగులుతుంది.

అభ్యంతరాలు నాకు తెలుసు. ఎండ అంటారు, డిసెంబరులో పోదాము. పాఠాలు పోతాయంటారు. నలభైమందికి నది పేరు తెలియని యాత్రకు రెండు దినాలు పోయినప్పుడు ఎవరూ ఈ మాట అనలేదు. బాలికల సంగతి అన్నిటికంటె కష్టమయినది. వారిని వదలి బాలురను మాత్రమే తీసుకుపోవడం సులభమయిన పరిష్కారం, అందుచేతనే నేను దానికి అంగీకరించను. ఆ పల్లెలలో ఆడవారు కట్టెలకు, కూలికి, నీటికి దినానికి ఇంతకంటె ఎక్కువ నడుస్తున్నారు, వారితో మాట్లాడగలిగేది మన బాలికలే. ఇద్దరు అధ్యాపకురాండ్రు తోడు రావడానికి సమ్మతించారు. తల్లులలో ఎవరైనా వస్తే మరీ సంతోషం. ఏ ఇంటిలోనైనా తల్లిదండ్రులకు సందేహముంటే నేను స్వయంగా వచ్చి మాట్లాడతాను, మా అమ్మీజాన్‌ను కూడా వెంటబెట్టుకొని వస్తాను. జంబూ వేసిన పప్పు తిన్న తరువాత ఆమె నా పక్షానికి మారింది.

విద్యార్థులు చేయవలసిన పని ఒక్కటే. ప్రతివారు ఒక నోటుపుస్తకం తెచ్చుకోవాలి. కళాశాల గేటు నుండి మొదటి మజిలీ దాకా అడుగులు లెక్కపెట్టాలి. దాటిన వాగుల పేర్లు, బావుల సంఖ్య, తాళం వేసిన ఇళ్ల సంఖ్య, ఆ ఇళ్లవారు ఎక్కడికి పోయారో ఊరివారు చెప్పినది వ్రాసుకోవాలి. ఉర్దూవారు ఉర్దూలో, తెలుగువారు తెలుగులో. వచ్చే సంవత్సరం ఈ పత్రికలో కథలకు, షాయరీకి కేటాయించే పుటలలో నాలుగింటిని ఆ వ్రాతలకు ఇవ్వవలసిందిగా సంపాదకులను కోరుతున్నాను.

పేర్లు ఇవ్వదలచినవారు తెలుగు శాఖ గదిలో మధ్యాహ్న విరామ సమయంలో నన్ను కలుసుకోవచ్చును. ఖరీదయిన బూట్లు అక్కరలేదు. మడమకు పట్టీ ఉన్న పాత చెప్పులు చాలు, కొత్తవి మాత్రం వద్దు.